మూడూళ్ల అంపైర్లు

కురబలకోట చెంగల్రాయుడు బస్సు కండక్టరుగా రిటైరై నాలుగేళ్లయింది గానీ, క్రికెట్ అంపైరుగా రిటైరయ్యే ఆలోచన మాత్రం ఆయనకు లేదు. మదనపల్లె చుట్టుపక్కల ఆదివారం మ్యాచులకు ఇరవై రెండేళ్లుగా ఆయనే నిలబడతాడు. ఇచ్చిన తీర్పు ఎన్నడూ మార్చుకోలేదని ఆయన గర్వం. ఇంట్లో కూడా మార్చుకోడని, అదే తన కర్మ అని భార్య కృష్ణమ్మ అంటుంది.

ఈ వేసవిలో మదనపల్లె, పుంగనూరు, కుప్పం అంపైర్లు పద్నాలుగు మంది పుంగనూరులో ఒక హోటలు మేడ మీద కూడారు. రోజంతా ఎండలో నిలబడితే మనిషికి దక్కేది నాలుగు వందలు, ఒక శాలువా. పాటలు పెట్టే డీజేకి మాత్రం ఆరు వేలు. చెంగల్రాయుడి ఇంట్లో శాలువాలు ముప్పై ఒకటి పోగైతే, కృష్ణమ్మ వాటిలో నాలుగింటిని చలికాలంలో మేకపిల్లలకు కప్పేసింది. ఈసారి తలకు వెయ్యి అడగాలని అందరూ ఒప్పుకున్నారు. అడగడానికి నాయకుడొకడు కావాలి.

చెంగల్రాయుడు గొంతు సవరించుకున్నాడు. ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చింది అందుకే. అంతలో వెనకనుంచి ఎవరో "సుదర్శన్ సారు" అన్నారు. చేతులన్నీ లేచాయి. చెంగల్రాయుడి చెయ్యి కూడా లేచింది, సగం దాకా.

సుదర్శన్ కుప్పంలో లెక్కల మాస్టరు. ఆట నిబంధనలన్నీ కంఠతా వచ్చు, మాట మెత్తన. ఆరేళ్లుగా నరేంద్ర అనే ఫోటోగ్రాఫరుతో కాపురముంటున్నాడు. దాన్ని స్నేహమని చెప్పి దాటెయ్యడు. ఎవరైనా అడిగితే "మా ఇంటాయన" అంటాడు, అంతే.

ఆ రాత్రి అన్నం దగ్గర చెంగల్రాయుడు గొణిగాడు. "మంచోడే, కాదనను. కానీ మగోడితో కాపురం చేసే మనిషి మాకు పెద్దంటే జనం ఏమనుకుంటారు?"

"నువ్విచ్చే ఔట్లకి జనం ఏమనుకుంటాండారో ఎప్పుడన్నా అడిగినావా?" అంది కృష్ణమ్మ. "ఆయప్ప మాట్లాడితే ఎదుటోడు ఇంటాడు. నువ్వు మాట్లాడితే ఎదుటోడు లేసి పోతాడు. పెద్దరికం కావాలంటే ఈడ చేసుకో, నేనుండా గదా."

చెంగల్రాయుడు పెరుగు కలుపుకున్నాడు.

మరుసటి వారం సుదర్శన్, చెంగల్రాయుడు కలిసి మదనపల్లెలో సాయికుమార్ దగ్గరికి వెళ్లారు. సాయికుమార్ టమోటా వ్యాపారి, పెద్ద టోర్నమెంటు నడిపేది ఆయనే. సుదర్శన్ ఫోను వస్తే బయటికి వెళ్లాడు. ఆ సందు చూసుకొని సాయికుమార్ కుర్చీ ముందుకు జరిపాడు.

"అప్పా, నువ్వు పెద్దోడివి. ఆ కుప్పం సారు సంగతి అందరికీ తెలుసు. ఆయనతో కూసోని మాట్లాడితే నాకు నామోషీ. నాయకుడుగా నువ్వే రా. ఏడు వందలు ఇప్పుడే ఖాయం చేస్తా."

చెంగల్రాయుడి ఛాతీ కాస్త పొంగిన మాట నిజం. కిటికీ అవతల సుదర్శన్ ఫోనులో అంటున్నాడు, "మాత్ర ఏసుకున్యావా? రసం ఎచ్చ చేసుకో, సల్లగా తాగొద్దు." అచ్చం కృష్ణమ్మ తనతో అనే మాటలే. ఇందులో నామోషీ ఎక్కడుందో ఆయనకు అంతుపట్టలేదు.

"ఆయప్పను మేమంతా చెయ్యెత్తి పెట్టుకున్యాం," అన్నాడు. "నేనూ ఎత్తినా." ఎంత ఎత్తిందీ చెప్పలేదు. "మాట్లాడితే ఆయనతోనే మాట్లాడు. లేదంటే ఆదివారం మాలో ఒక్కడూ రాడు."

"అంపైరు పనిదేముందప్పా, ఎవుడైనా చేస్తాడు," అని సాయికుమార్ నవ్వాడు.

ఆదివారం బ్యాటింగ్ జట్టువాళ్లే అంపైర్లుగా నిలబడ్డారు. పదకొండు ఓవర్లదాకా ఒక్కడు ఔటు కాలేదు. స్టంపులు మూడూ పడిపోతే గాలికి పడ్డాయన్నారు. బౌలింగు చేసి చేసి విసిగిన కలికిరి జట్టు ఆ స్టంపులు పీక్కొని, బంతితో సహా ఆటో ఎక్కి వెళ్లిపోయింది. మధ్యాహ్నానికి సాయికుమారే సుదర్శన్‌కు ఫోను చేశాడు. మర్నాడు ఎదురెదురుగా కూర్చుని, టీ తెప్పించి, వెయ్యికి ఒప్పుకున్నాడు. గంటకోసారి మజ్జిగ కూడా.

ఆ నెలలోనే చెంగల్రాయుడు దంపతులను సుదర్శన్ కుప్పానికి భోజనానికి పిలిచాడు. నరేంద్ర కొసరి కొసరి వడ్డించాడు. ఉలవచారు ఎలా చెయ్యాలో కృష్ణమ్మ అతనికి చెప్పింది, ఇద్దరూ నంబర్లు ఇచ్చిపుచ్చుకున్నారు. ఇప్పుడు వారానికి రెండుసార్లు ఫోనులో మాట్లాడుకుంటారు.

"గంటసేపు ఏం మాట్లాడతాండారు మీరు?" అని చెంగల్రాయుడు అడిగితే, "మీ ఇద్దరి గురించే," అంటుంది కృష్ణమ్మ. అంతకుమించి చెప్పదు.