బావి గోడ మీద తెల్ల దారం

ఎగ్జిబిషన్ మైదానంలో గోరయ్య అసలు పేరు ఎవరికీ తెలియదు. ఏ బండి కనపడినా ముందు దాని టైరు మీద బొటనవేలి గోరు నొక్కి చూస్తాడు కాబట్టి ఆ పేరు పడింది. జెయింట్ వీల్ నడిపేవాళ్లు కూడా తమ మోపెడ్లు తోసుకొచ్చి, "గోరయ్యా, ఇంకెన్నాళ్లు?" అని అడుగుతారు. అతను నొక్కి చూసి చెబుతాడు. చెప్పింది ఇంతవరకూ తప్పలేదు.

ఆ సాయంత్రం మాత్రం తన సొంత బండి ముందు కూర్చుని, నొక్కిన గోరు తీయకుండా ఉండిపోయాడు.

అది చెక్కల బావిలో తిరిగే బండి. ఈ బావిలో నీళ్లుండవు. నిలువు చెక్కలు గుండ్రంగా బిగించి, బయట ఇనప తాళ్లు చుట్టిన గోడ అది. అడుగున మట్టి నేల, నేల చుట్టూ చెక్కల వాలు, ఆ పైన నిటారు గోడ. జనం బయటి మెట్లెక్కి పైఅంచున నిలబడి లోపలికి తొంగిచూస్తారు. బండి నేల మీద మొదలై, వాలెక్కి, గోడ మీదికి పోయి అడ్డంగా తిరుగుతుంది. నడిపేది గోరయ్య మరదలు. బోర్డు మీద ఆమె పేరు తూనీగ.

బండి ఎప్పుడూ ఎడమకే తిరుగుతుంది కాబట్టి టైరు ఎడమ పక్కే అరుగుతుంది. అది అరిగాక గోరయ్య టైరు ఊడదీసి, తిరగేసి బిగిస్తాడు. వెనక టైరుకు ఆ తిరగేయడం కూడా అయిపోయింది. ఇప్పుడు ఏ పక్కా గాడులు లేవు. టైరు గాడి అడుగున రబ్బరుతో పోసిన చిన్న గట్టు ఉంటుంది. గ్రిప్పు ఆ గట్టు మట్టానికి దిగిందంటే టైరు మార్చాలి. అది రోడ్డు మీద తిరిగేవాళ్ల లెక్క. బావిలో వానా బురదా ఉండవు, చెక్కను నున్నటి రబ్బరే బాగా పట్టుకుంటుంది. అందుకని ఇక్కడ గట్టు కూడా అరిగాక కొన్నాళ్లు నడుపుతారు. ఆ కొన్నాళ్లు ఎన్నాళ్లో చెప్పడమే గోరయ్య పని.

"ఏమంటోంది బావా, నీ గోరు?" మరదలు జడ ముడి వేసుకుంటూ వచ్చింది.

"ఈ ఆటకు ఆగుతుంది."

"నిన్న కూడా ఇదే పాట."

"నిన్న ఆగిందిగా."

"ఆగుతుందిలే. నేను కింద పడ్డాక తీరిగ్గా మారుద్దువుగాని."

బావి నడుమ రెండో బండి స్టాండు వేసి ఉంది. దాని వెనక చక్రానికి కొత్త టైరు. అంచుల్లో వెంట్రుకల్లాంటి రబ్బరు ముళ్లు ఇంకా నిలబడే ఉన్నాయి.

కొత్త టైరు అచ్చులోంచి ఊడిరావడానికి జిడ్డు పూత వేస్తారు. కొంత దూరం నేల మీద తిప్పి ఆ పూత పోగొట్టాకే గోడ ఎక్కించాలి. రెండేళ్ల కిందట గోరయ్య అంత ఓపిక పట్టలేదు. పొద్దున బిగించాడు, సాయంత్రం ఎక్కాడు. వాలూ గోడా కలిసే అతుకు దగ్గర చక్రం సబ్బు మీద కాలేసినట్టు జారింది. ఎడమ మోకాలు ఇప్పటికీ పూర్తిగా వంగదు. ఆ తర్వాత అతను బండెక్కలేదు. అరిగిన టైరును చూస్తే అతనికి ధైర్యం, కొత్తదాన్ని చూస్తే ఒణుకు. రెండో బండిని మైదానం చుట్టూ తిప్పి, ఆ టైరును మరదలి బండికి మారుస్తానని మాటిచ్చాడు. రోజూ పొద్దున్నే తిప్పుదామనుకునేవాడు. రోజూ ఏదో పని అడ్డం పెట్టుకునేవాడు. గొలుసుకు నూనె వేయాలి, చెక్కకు మేకు కొట్టాలి.

"బావామరదళ్ల ముచ్చట్లు అయ్యాయా?" బావి తలుపు దగ్గర నుంచి అతని భార్య కేకేసింది. చేతిలో మైకుంది. బయట జనాన్ని పిలిచేది ఆవిడే. "మెట్ల మీద ఒకళ్లనొకళ్లు తొక్కుకుంటున్నారక్కడ."

"అక్కా, మీ ఆయన గోరు అబద్ధాలు నేర్చిందే."

"గోరు సంగతి నాకు తెలియదు గానీ, నోటి సంగతి తెలుసు. టైరు మారుస్తానన్న మాట ఎప్పుడో పొయ్యి మీద పెట్టాడు. ఇంకా ఉడకలేదు."

మరదలు నవ్వలేదు. వంగి అతని మొహంలోకి చూసింది. "ఒక్క మాట చెప్పు బావా. నువ్వే అయితే దీని మీద ఎక్కుతావా?"

"ఎక్కుతాను."

ఆలోచించకుండా వచ్చిన జవాబు. ఆమె ఇంకొంచెంసేపు చూసి, "సరే" అంది.

భార్య బయటి నుంచి తలుపు మూసి గడియ వేసింది. బావికి ఆ తలుపు కూడా గోడే. బండి పైన తిరుగుతున్నంతసేపూ దాన్ని తెరవడానికి లేదు. గోరయ్య నడుమ నిలబడ్డాడు.

తూనీగ వాలు మీద తిరిగి, అతుకు దాటి, గోడెక్కింది. చెక్కలు దడదడలాడాయి. జనం అంచు మీద నుంచి వెనక్కి తగ్గి మళ్లీ ముందుకొచ్చారు. ఆమె చేతులు వదిలేసింది. ఒక పక్కకు తిరిగి కూర్చుంది. చప్పట్లు. ఇక మిగిలింది చివరి అంశం, ఎర్ర గీత. పైఅంచుకు కాస్త కింద చుట్టూ గీసిన గీత అది. చక్రం దాన్ని తాకేదాకా ఎక్కాలి.

అప్పుడు గోరయ్యకు తిరుగుతున్న వెనక చక్రం మీద తెల్లటి గీత కనిపించింది.

మొదట సుద్ద అనుకున్నాడు. ఇంకో చుట్టుకు గీత వెడల్పయింది. అది సుద్ద కాదు. రబ్బరు అయిపోయి లోపలి దారం బయటపడింది. దారం తెగితే ట్యూబు, ట్యూబు పగిలితే గాలి, గాలి పోతే ఆమె ఆ ఎత్తు నుంచి నేలకు.

గోరయ్య తువ్వాలు తీసి ఊపాడు. ఆమె చూడలేదు. గోడ మీద ఉన్నవాళ్లు ఎదరకే చూడాలి, నేల వంక చూస్తే కళ్లు తిరుగుతాయి. ఆ పాఠం చెప్పింది అతనే. అరిచాడు. సైలెన్సర్ పీకేసిన బండి మోతలో తన అరుపు తనకే వినపడలేదు. ఒకవేళ వినపడినా, ఉలిక్కిపడి ఒక్కసారిగా వేగం తగ్గిస్తే మరీ ప్రమాదం. మెల్లగా, చుట్టుచుట్టుకూ కొంచెం కొంచెం దిగాలి. ఆ మాట ఆమెకు చెప్పాలంటే ఆమె చూపుకు ఎదురుగా వెళ్లాలి. అంటే గోడ మీదికి.

ఇద్దరూ కలిసి తిరిగిన రోజుల్లో ఒక సైగ ఉండేది. అరచెయ్యి కిందికి నొక్కితే, దిగు.

అతను రెండో బండి స్టాండు తీశాడు. కిక్కు కొట్టాడు. రెండో దెబ్బకు అందుకుంది. వంగని మోకాలితో గేరు తొక్కితే నొప్పి నడుము దాకా పాకింది. వాలెక్కాడు. వెనక చక్రం పక్కకు జారి నిలదొక్కుకుంది. పైన జనం ఈలలు వేశారు. ఇది కూడా ఆటలో భాగమే అనుకున్నారు.

ఇప్పుడే గోడెక్కితే పడతాడు. పడితే మరదలికి చెప్పేవాళ్లుండరు. వాలు మీదే తిరిగి పూత పోగొట్టాలి. తిరిగే ప్రతి చుట్టుకూ ఆమె ఎర్ర గీతకు దగ్గరవుతోంది. ఒక చుట్టు తిరిగాడు. చక్రం జారుతోంది. ఇంకోటి. రెండేళ్ల కిందట లేని ఓపిక ఇప్పుడు పళ్ల బిగువున పట్టాడు. ఇంకోటి. ఈసారి తక్కువ జారింది. తలెత్తి చూడాలనిపించింది, చూడలేదు.

పైన తూనీగకు చెక్కల్లో తేడా తెలిసింది. తన బండి అదురు కాని అదురు ఇంకోటి చేతుల్లోకి వస్తోంది. బావిలో రెండో బండి నడుస్తోంది. నడపడానికి లోపల ఉన్నది ఒక్కడే, అతను బండెక్కడు. ఆమె ఎర్ర గీత వైపు పోవడం ఆపి, ఉన్న ఎత్తులోనే తిరగసాగింది.

గోరయ్య యాక్సిలరేటర్ తిప్పాడు. అతుకు వచ్చింది. చక్రం జారింది. ఒళ్లంతా రెండేళ్ల కిందటి సాయంత్రంలోకి పోయింది. అయినా చెయ్యి యాక్సిలరేటర్ వదల్లేదు. రబ్బరు చెక్కను పట్టుకుంది. అతనికి గోడే నేలయింది. ఎదురుగా, కాస్త పైన, మరదలి వీపు. వేగం పెంచి ఆమె కంటికి ఆనేంత ముందుకెళ్లాడు. ఎడమ చెయ్యి తీసి అరచెయ్యి కిందికి నొక్కాడు. మళ్లీ నొక్కాడు.

ఆమె తల ఊపింది.

ఆమె దిగడం అతను చూడలేదు. ఎదరకే చూస్తూ తిరిగాడు. చెక్కల్లో ఆమె బండి అదురు పలచబడి, ఆగిపోయింది. అది పడిన అదురు కాదు. ఆ తేడా తెలిశాకే ఊపిరి పీల్చుకున్నాడు. అప్పుడు గుర్తొచ్చింది, తనూ దిగాలని. మరదలు బావి నడుమ నిలబడి, రెండు చేతులూ పైకెత్తి, మెల్లగా, మెల్లగా అని ఆడిస్తోంది. ఆ చేతులు కంటి కొసకు తగులుతుంటే చుట్టుచుట్టుకూ దిగాడు.

ఇంజన్లు ఆగాక జనం చప్పట్లు వినిపించాయి. భార్య గడియ తీసుకుని లోపలికొచ్చింది.

"రెండో బండి ఎవరు నడిపార్రా నాయనా? బయట జనం..." అంటూ ఆగిపోయింది.

మరదలు తన వెనక చక్రం పక్కన కూర్చుని ఉంది. టైరు చుట్టూ వేలెడు వెడల్పున దారం పీచు లేచింది. ఒకచోట దారం తెగి, సందులోంచి ట్యూబు నల్లగా ఉబ్బింది. ఆమె ఆ ఉబ్బు మీద చెయ్యి వేయలేదు.

"ఎక్కుతానన్నావుగా బావా, దీని మీద."

"అన్నాను."

"ఎందుకన్నావ్?"

గోరయ్య కొత్త టైరు వైపు చూశాడు. "దాని మీద ఎక్కడం కన్నా ఆ మాట అనడం తేలికనిపించింది."

భార్య ఇద్దరినీ చూసి, టైరును చూసి, తలుపు దగ్గరికి వెళ్లి మైకులో చెప్పింది. "ఈ పూటకు ఇంక ఆటలు లేవు. రేపు రండి." బయట గోల లేచింది. ఆవిడ మైకు కట్టేసింది.

గోరయ్య రెండో బండిని తలుపు గుండా మైదానంలోకి తోసుకెళ్లి ఎక్కాడు. నాలుగైదు చుట్లు తిరిగి ఆపి, వంగి గోరు నొక్కబోయాడు. పక్కనే మరదలు వచ్చి నిలబడింది.

"చెయ్యి తీయ్ బావా."

తీశాడు. ఆమె కూర్చుని తన బొటనవేలి గోరు నొక్కింది. ఎడమ పక్క ముళ్లు రాలి రబ్బరు గరుకు తేలింది. కుడి పక్క ముళ్లు అలాగే నిలబడి ఉన్నాయి.

"ఇటు పక్క ఇంకా జిడ్డుంది. కుడికి తిరుగు."

"ఎన్ని చుట్లు?"

"ఇక నుంచి అది నేను చెబుతాను" అంది ఆమె. "నువ్వు తిరుగు."