నిలబడి భయపడదాం

ఆ పిల్లను ఇంట్లో అందరూ బండ అనేవాళ్లు. పేరుకు తగ్గ ఎత్తూ, లావూ. చెంబు పట్టుకుంటే సొట్ట పడేది, తలుపు వేస్తే గడియ ఊడేది. నీ చెయ్యి పడ్డ వస్తువు బాగుపడ్డట్టు లేదే అని తల్లి నవ్వుతూనే అనేది. వృద్ధుల ఆశ్రమంలో ఉద్యోగం వచ్చిందన్నప్పుడు మాత్రం నవ్వలేదు. ముసలివాళ్లు మట్టికుండల్లాంటివాళ్లు, జాగ్రత్త అంది.

ఆ మాట పిల్ల గుండెలో ముల్లులా ఉండిపోయింది. మనిషిని లేపడం, పక్కకు తిప్పడం, ఒళ్లు తుడవడం అన్నీ శిక్షణలో నేర్చుకుంది. కానీ అక్కడ మంచం మీద ఉన్నది రబ్బరు బొమ్మ. ఆశ్రమంలో చేరాక వారమంతా దుప్పట్లు మార్చే పనీ, పళ్లేలు కడిగే పనీ అడిగి మరీ చేసింది. ఎవరినైనా ముట్టుకోవలసి వస్తే తనతోపాటు చేరిన అమ్మాయిని ముందుకు తోసేది. పెద్ద నర్సు ఇదంతా కనిపెట్టి, ఒక ఉదయం ఆమెను పోస్టమ్మ గదిలోకి పంపింది.

పోస్టమ్మ సగం ఆయుష్షు ఇంటింటికీ నడిచి ఉత్తరాలు పంచిన మనిషి. స్నానాల గదిలో జారిపడి తుంటి ఎముక విరిగింది. ఎముక అతుక్కుంది, డాక్టరు నడవమన్నాడు. ఆమె మంచం దిగనంటుంది. ఎవరైనా లేపబోతే మంచం కమ్మీ పట్టుకుని వదలదు.

పక్కన వచ్చి నిలబడ్డ బండను పోస్టమ్మ కింది నుంచి పైదాకా చూసింది.

"ఈ బీరువాను ఎవరు పంపారు నా గదిలోకి?"

బండకు నవ్వొచ్చింది. నిలబడక్కర్లేదు, కాసేపు కూర్చుంటే చాలని బతిమాలింది. వీపు కింద చెయ్యి పెట్టి కూర్చోబెడుతుంటే బండ వేళ్లు వణికాయి. ముసలావిడకు అది తెలిసిపోయింది.

"నీకెందుకే వణుకు?"

"మీకేమన్నా అవుతుందేమోనని, అమ్మమ్మా. నా చేతులు మోటువి."

పోస్టమ్మ ఆ చేతుల్ని ఒళ్లోకి తీసుకుని తిప్పి చూసింది. వెచ్చగా ఉన్నాయి. ఇన్నాళ్లూ లేపడానికి వచ్చినవాళ్లంతా భయం లేదు, భయం లేదు అనేవాళ్లే. అది వినేకొద్దీ ఆమెకు భయం పెరిగేది. తనకూ భయమేనని ఒప్పుకున్నది ఈ పిల్ల ఒక్కతే.

"నేను పడితే?"

"నా మీదే పడతారు. పరుపుకన్నా మెత్తన."

పోస్టమ్మ పెదవి చివర కదిలింది. "సరే, ఇద్దరం భయపడదాం. కూర్చుని కాదు, నిలబడి భయపడదాం."

బండ కాళ్లు ఎడంగా పెట్టి ఆమె నడుం చుట్టూ చెయ్యి వేసింది. పిచ్చుకంత బరువు భుజం మీద వాలింది. పాదాలు నేలకు ఆనించి పోస్టమ్మ లేచి నిలబడింది. చేతుల్లో వణుకు ఎప్పుడు పోయిందో బండకే తెలియలేదు.

మెల్లగా కిటికీదాకా వెళ్లారు. పోస్టమ్మ ఊచలు పట్టుకుని వీధిలోకి చూసింది. ఒకప్పుడు తను ఉత్తరాలు పంచిన వీధే అది. ఎదురింటి కుక్క తన సంచీ ఎలా చింపిందో, పక్క మేడవాళ్లు ఉత్తరాల కోసం పైనుంచి బుట్ట ఎలా దించేవాళ్లో చెప్పుకుపోయింది. నడుం వదలకుండానే బండ అన్నీ వింది. పెద్ద నర్సు గుమ్మందాకా వచ్చి, చూసి, చప్పుడు చెయ్యకుండా వెళ్లిపోయింది.

కాళ్లు లాగుతున్నాయని చివరికి పోస్టమ్మే అంది. పడుకోబెట్టి దుప్పటి కప్పుతుంటే పోస్టమ్మ బండ మణికట్టు పట్టుకుంది.

"రేపూ నువ్వే రా. వరండా చివరిదాకా వెళ్దాం. నా చెప్పులు ఎక్కడున్నాయో చూడు."

చెప్పులు మంచం కిందే ఉన్నాయి, దుమ్ము కొట్టుకుని. బండ నేల మీద చతికిలబడి వాటిని తుడవడం మొదలుపెట్టింది.