కిటికీ కింద గట్టు

అటక అంచు ఎత్తు కొలవాలి, నిచ్చెన ఉందా అని మేస్త్రి అడిగితే, భర్త కుర్చీలోంచి లేవకుండానే, "నిచ్చెనకేం కరువయ్యా, మా ఇంట్లో మాట్లాడే నిచ్చెనే ఉంది," అని వంటింటి వైపు తిరిగి ఆమెను పిలిచాడు. మేస్త్రికి ఆ వేళాకోళం అర్థం కాలేదు. ఆమె తడి చేతులు తుడుచుకుంటూ వచ్చి, టేపు కొస అందుకుని, మునివేళ్ళ మీద కూడా లేవకుండా అటక అంచుకి ఆనించింది. అప్పుడు అర్థమై, నవ్వాలో వద్దో తెలియక నేల చూపులు చూశాడు.

ఈ ఇంట్లో ఆమెకి ఆ పేరు పడి ఇరవై ఆరేళ్ళు. పెళ్ళై వచ్చిన కొత్తలో ఆడపడుచు పెట్టింది. బల్బు మార్చాలన్నా, పైనున్న డబ్బా దించాలన్నా, బూజు దులపాలన్నా 'నిచ్చెనని పిలవండి' అనేవాళ్ళు. ఐదడుగుల తొమ్మిదంగుళాల మనిషి. మొదట్లో ఏడుపొచ్చేది, తర్వాత వాళ్ళతో పాటు నవ్వేది, ఇప్పుడు రెండూ రావడం లేదు. పిలిస్తే వెళ్తుంది. అసలు నిచ్చెనకైతే పని అయ్యాక గోడకి చేరబడే తీరికైనా ఉంటుంది.

ఇల్లు మార్పించాలన్న ఆలోచన భర్తది. ఉద్యోగంలోంచి ముందుగానే బయటపడి ఇంట్లో కూర్చుని నాలుగు నెలలైంది. ఆ నాలుగు నెలలూ ఫోనులో ఊళ్ళోవాళ్ళ ఇళ్ళన్నీ చూశాడు. "మనది ఇల్లు కాదు, గుహ. ఎవరినైనా పిలవాలంటే తల కొట్టేసినట్టుంటోంది," అని రోజూ ఒకసారైనా అనేవాడు. హాలుకీ వంటింటికీ మధ్య గోడ తీసెయ్యాలి. కొడుకు గదిలో బాల్కనీ కలిపెయ్యాలి. తల్లి మంచం బాత్రూము పక్కకి రావాలి. తను కూర్చుని చదువుకోవడానికి వెలుతురున్న మూల ఒకటి కావాలి. ఆమెకేం కావాలో అడగలేదంటే అబద్ధమవుతుంది. అడిగాడు, టీవీ చూస్తూ. "ఇప్పుడే చెప్పు, మళ్ళీ తర్వాత మూతి ముడుచుకోకు," అన్నాడు. ఆమె ఒక్కటే చెప్పింది, వంటగట్టు ఎత్తు పెంచమని. "ఓస్, అంతేనా," అన్నాడు. అంతే.

కిటికీ కింద ఉన్న ఆ గట్టు ఎత్తు ముప్ఫై అంగుళాలు. ఉజ్జాయింపు లెక్క కాదు, ఆమె టేపు పెట్టి కొలిచిందే. రోజంతా టేపు మెడలో వేసుకుని తిరిగే మనిషి మరి. బడిపిల్లల యూనిఫారాలు కుట్టే చోట బట్ట కత్తిరించే పని ఆమెది. అక్కడ అందరూ కటింగ్ మేడం అంటారు. మనిషి గుమ్మంలో నిలబడితే చాలు, భుజం ఎంతో, వీపు పొడవెంతో చెప్పేస్తుంది. ఆమె ఎత్తుకి గట్టు ముప్ఫై ఏడు అంగుళాలు ఉండాలి. మిగతా ఏడంగుళాలూ ఇన్నేళ్ళుగా ఆమె నడుమే సర్దుకుంటూ వచ్చింది. కూరలు తరగడానికి వంగాలి, పిండి కలపడానికి వంగాలి, తొట్టిలో గిన్నెలు తోమడానికి ఇంకాస్త వంగాలి. పొద్దున రెండు గంటలు, సాయంత్రం మూడు గంటలు, నడుమ ఎనిమిది గంటలు కత్తిరింపు బల్ల దగ్గర. ఆ బల్ల కూడా ఒకప్పుడు పొట్టిదే. ఒక ఏడాది ఆమే, ఇంకో ఇద్దరూ నడుం నొప్పితో వరసగా సెలవులు పెట్టేసరికి యజమాని కంగారుపడి బల్ల కాళ్ళ కింద ఇటుకలు పెట్టించాడు. ఆయనేం ధర్మాత్ముడు కాదు, పని ఆగిపోతోందని పెట్టించాడు. ఇంట్లో పని ఒక్క పూట కూడా ఆగలేదు కాబట్టి ఇటుకల సంగతి ఎవరికీ తట్టలేదు.

కొత్త కోడలిగా ఆ గట్టు ముందు మొదటిసారి నిలబడ్డ రోజు, ఇది మరీ కిందికి ఉందే అని నోరు జారింది. "మా అమ్మ ఎత్తుకి కట్టించాడు మా నాన్న. ఇప్పుడు నీ కోసం పగలగొట్టమంటావా ఏంటి?" అంది ఆడపడుచు. చూస్తే నిజమేననిపించింది. అత్తగారు ఆ గట్టుకి అతికినట్టు సరిపోయేది. అప్పటికే బాగా ముందుకి వంగిన పొట్టి మనిషి. భార్య ఎత్తు చూసి గట్టు కట్టించిన మామగారి మీద ఆమెకి ఆ రోజు గౌరవం కూడా కలిగింది. తప్పంతా తన పొడుగుదే అనుకుంది. ఇలాంటి తప్పులు నెత్తిన వేసుకోవడం ఆడదానికి ఎవరూ కూర్చోబెట్టి నేర్పక్కర్లేదు. దాని ఫలితం, ఇప్పుడు పొద్దున మంచం దిగడానికి ముందు ఒక పక్కకి దొర్లి, మోచేయి ఆనించి, ఊపిరి బిగపట్టి లేవాలి. పక్కన పడుకున్న మనిషికి అది ఇన్నాళ్ళుగా తెలీదు. నిద్ర పాడవకుండా చప్పుడు చెయ్యకుండా లేస్తుంది కదా, ఎలా తెలుస్తుంది.

అటక కొలత అయ్యాక మేస్త్రి వంటింట్లోకి వచ్చి, "వంట చేసేది ఎవరమ్మా?" అని అడిగాడు. "వాళ్ళ మోచెయ్యి ఎత్తు కొలిచి, ఆరంగుళాలు తగ్గించి గట్టు కడతాం. అట్లా అయితే నడుం పట్టెయ్యదు."

ఇరవై ఆరేళ్ళలో ఆమెను కొలుస్తానన్న మొదటి మనిషి అతనే. ఆమె మోచెయ్యి మడిచి నిలబడింది కూడా. అంతలో భర్త కాగితం పట్టుకుని వచ్చాడు.

"పాత ఎత్తే ఉంచు. ఇదిగో, బొమ్మ చూడు. గోడ తీసేశాక హాల్లోంచి చూస్తే కిటికీ అంచు, గట్టు, భోజనాల బల్ల, మూడూ ఒకే గీతలో కనిపించాలి. అందమంతా అక్కడే ఉంది. గట్టు లేపితే కిటికీకి అడ్డంగా గోడ కట్టినట్టుంటుంది."

"ఎత్తు పెంచుతానన్నారుగా," అంది ఆమె.

"అన్నాను. అప్పటికి ఈ బొమ్మ చూళ్ళేదు. ఏడంగుళాలకి ఇంత రాద్ధాంతం దేనికి? ఇన్నేళ్ళు సర్దుకున్నావు, అలవాటైపోయింది కదా."

మేస్త్రి ఆమె వైపొకసారి, ఆయన వైపొకసారి చూసి, కాగితం మీద ముప్ఫై అని రాసుకున్నాడు. సోమవారం పని మొదలుపెడతానని చెప్పి వెళ్ళాడు. ఆమె మడిచిన మోచేతిని కిందికి దించి, మళ్ళీ గిన్నెల మీదికి వంగింది. పోట్లాడాలంటే కూడా ఓపిక ఉండాలి. ఆ పూటకి ఆమె దగ్గర గిన్నెలకి సరిపడా మాత్రమే ఉంది.

ఆదివారం అటక ఖాళీ చెయ్యాలి. ఇంకెవరు చేస్తారు? భర్త కింద నిలబడి ఏది పారెయ్యాలో ఏది ఉంచాలో చెప్తూ కాసేపు ఉన్నాడు. తర్వాత టైల్సు చూసి వస్తామని కొడుకుతో కలిసి బయటికి వెళ్ళాడు. ఆమె స్టూలు వేసుకుని ఒక్కొక్కటీ దించింది. విరిగిన ఫ్యాను, పాత పరుపు, ఎవరివో తెలియని బూట్లు. అన్నిటికీ వెనకాల ఒక రేకు పెట్టె. అందులో పాత దుప్పట్ల కింద మడత పెట్టిన ఉన్ని కోటు ఒకటి కనిపించింది. ముదురు నీలం, ఆడవాళ్ళ కోటు. బట్ట చేతిలోకి రాగానే ఆమె వేళ్ళు అలవాటు కొద్దీ కుట్లు తడిమాయి. కుట్టినవాడు పనిమంతుడు. భుజాలు చూసింది, వీపు పొడవు చూసింది. ఊరికే వేసుకుంది.

చేతులు మణికట్టు దాకా వచ్చాయి. అది మామూలు సంగతి కాదు. ఆమెకి కొన్న ఏ బట్టా ఎప్పుడూ మణికట్టు దాకా రాలేదు. భుజాల అతుకు సరిగ్గా భుజం మీద కూర్చుంది, నడుం దగ్గర నొక్కు నడుం దగ్గరే ఉంది. ఆమె టేపు తీసి పెట్టింది. వీపు పొడవు ఆమెదీ ఆ కోటుదీ పావు అంగుళం తేడా లేదు. ఈ ఇంట్లో నిచ్చెన తను ఒక్కతే అనుకుంటోంది ఇన్నాళ్ళూ. మరి ఈ రెండో నిచ్చెన ఎవరు?

అలాగే కోటుతో అత్తగారి గదిలోకి వెళ్ళింది. ఆవిడకి ఎనభై రెండేళ్ళు. మంచం మీద కూర్చున్నా చూపు నేల మీదే ఉంటుంది. తల ఎత్తి చూడాలంటే పక్కకి తిప్పి చూడాలి. అలా తిప్పి చూసి, చాలాసేపు చూసింది.

"ఎక్కడ దొరికిందే అమ్మాయ్ అది?"

"అటక మీద. ఎవరిది అత్తయ్యా?"

"నాదే. పెళ్ళైన ఏడాది కుట్టించుకున్నా."

"మీదా? మీకు పాదాల దాకా వస్తుంది."

"ఇప్పుడొస్తుంది," అంది అత్తగారు.

ఆమె మంచం పక్కన కూర్చుంది. ముసలావిడ కోటు అంచు పట్టుకుని, అందులో తన చెయ్యి ఎక్కడిదాకా ఉండేదో వెతుక్కుంటున్నట్టు తడిమింది. "మీ మామగారి కంటే రెండంగుళాలు ఎక్కువే ఉండేదాన్ని. ఫొటో తీసినప్పుడల్లా నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, ఆయన వెనకాల నిలబడేవారు. హాల్లో ఉన్నాయిగా, ఏదైనా చూడు."

చూడక్కర్లేదు. వారానికోసారి ఆ ఫొటోల దుమ్ము తుడిచేది ఆమే. అన్నిటిలోనూ అత్తగారు కూర్చునే ఉంది. పెద్దమనిషి కదా, మర్యాదకి కూర్చోబెట్టారనుకుంది.

"మరి వంటగట్టు మీ ఎత్తు చూసి కట్టించారన్నారు."

"ఎవరన్నారు? నన్నెవరు కొలిచారు?" ఆవిడ గొంతులో కోపం లేదు. "ఆయనకి ఆ కిటికీ అంటే పిచ్చి. వీధిలోంచి చూసేవాళ్ళకి అందంగా ఉండాలని కిందికి పెట్టించారు. గట్టు కిటికీ అంచు దాటితే ఎబ్బెట్టుగా ఉంటుందన్నారు. సరే అన్నా."

"ఒక్కసారైనా నాతో అనలేదేం, అత్తయ్యా?"

"ఏమని అనాలి? నువ్వొచ్చేసరికి నాకు సరిగ్గా సరిపోయింది."

ఆమె ముసలావిడ వంగిన వీపు వైపు చూసింది. ఈవిడ మీద ఎన్నేళ్ళు కోపం పెట్టుకుంది. నడుం పట్టేసిన ప్రతిసారీ మనసులో ఈవిడనే తిట్టుకుంది, నీ పొట్టితనానికి నా వీపు బలి అని. పొట్టిది కాదు ఈవిడ. గట్టుని ఈవిడ కొలతకి కట్టలేదు, ఈవిడే గట్టు కొలతకి వచ్చింది. అదొక్క రోజులో జరగలేదు. రోజుకి ఐదు గంటల చొప్పున, ఎవరి కంటా పడకుండా, కూరలు తరుగుతూ, గిన్నెలు తోముతూ జరిగింది. తన పొద్దుటి లేవడం గుర్తొచ్చింది, ఆ పక్కకి దొర్లడం, మోచేయి ఆనించడం. ఇంకో పదేళ్ళకి ఈ గట్టు తనకీ సరిపోతుంది. అప్పుడు ఎవరైనా కొత్త మనిషి వస్తే, మా అమ్మ ఎత్తుకి కట్టించాం అని కొడుకు నమ్మకంగా చెప్తాడు. ఆమెకి నిజంగా భయమేసింది.

సోమవారం పొద్దున్నే మేస్త్రి సుత్తులతో, ఇద్దరు కూలీలతో దిగాడు. చలిగా ఉంది. ఆమె పనికి తయారై, ఆ నీలం కోటు వేసుకుని వంటింట్లోకి వచ్చింది. బట్ట మీద గీసే సుద్దముక్క సంచిలోంచి తీసి, కిటికీ పక్క గోడ మీద టేపు పెట్టి, ముప్ఫై ఏడు దగ్గర అడ్డంగా గీత గీసింది. భర్త కాగితాలు పట్టుకుని అప్పుడే వచ్చాడు.

"మళ్ళీ మొదలా? ముప్ఫై అని తేల్చేశాం కదా."

"తేల్చింది మీరు," అంది ఆమె, గొంతు పెంచకుండా. తర్వాత మేస్త్రి వైపు తిరిగింది. "గోడలు, గదులు మీ ఇష్టం, మొదలుపెట్టుకోండి. ఈ గట్టు, పొయ్యి మాత్రం వారం దాకా ముట్టుకోకండి. ఈ వారమంతా రెండు పూటలా ఇక్కడ వంట చేసేది సారు. వచ్చే సోమవారం గీత ఎక్కడ గియ్యాలో సారునే అడగండి. ఆయన ఎంత చెప్తే అంత."

భర్త నవ్వబోయాడు. ఆమె మొహం చూసి ఆగాడు. "ఏం మాట్లాడుతున్నావు? నాకు వంటేం వచ్చు?"

"నాలుగు నెలలుగా ఇంట్లోనే ఉన్నారు, నేర్చుకోవచ్చు. కూరలు ఆ బుట్టలో ఉన్నాయి. గిన్నెలు తొట్టిలో ఉన్నాయి."

"పదిహేను నిమిషాలు నిలబడితే నా నడుం పట్టేస్తుంది, తెలుసుగా నీకు."

"తెలుసు," అంది ఆమె. "సర్దుకుంటే అలవాటైపోతుందండీ."

మేస్త్రి సుత్తి కింద పెట్టి, అవసరం లేకపోయినా కిటికీని పరీక్షగా చూడటం మొదలుపెట్టాడు. లోపలి గదిలోంచి అత్తగారి గొంతు వినిపించింది. "ఒరేయ్, నా టీలో పంచదార తక్కువ వెయ్యి. గిన్నె అడుగంటకుండా చూసుకో."

ఆమె సంచి భుజాన వేసుకుని కోటు బొత్తాలు పెట్టుకుంది. కత్తిరింపు తెలిసిన మనిషికి ఎవరూ చెప్పక్కర్లేదు, అది నిటారుగా నిలబడే మనిషి కొలతకి కుట్టిన కోటు. వేసుకున్న మనిషి ఏమాత్రం వంగినా వెనక అంచు పైకి లేచిపోతుంది. ఆమె మెట్లు దిగి, కిటికీ ముందు నుంచి నడిచి వీధి మలుపు తిరిగేదాకా ఆ అంచు లేవలేదు.