చదివి సంతకం పెట్టండి

పరీక్ష రాయాల్సింది స్వర్ణలత. ఆకలేసేది మాత్రం ఆమె భర్త శామ్యూల్ రాజ్ గారికి. అందుకని పొద్దున్నే లేచి నిమ్మకాయ పులిహోర కలిపి, ఆయనకి పడని పచ్చిమిరపకాయలు పక్కకి ఏరేసి, స్టీలు డబ్బాలో సర్దింది. హాల్ టికెట్ మీద ఫోటో ఆమెదే, పేరూ ఆమెదే. గేటు బయట చెట్టు కింద కూర్చుంటే నీరసం వచ్చేది ఆయనకి. డబ్బా మూత మీద "జి. స్వర్ణలత, ప్రథమ బహుమతి" అని చిన్నప్పుడెప్పుడో కొట్టించిన అక్షరాలు తోమగా తోమగా సగానికి అరిగాయి. ఆ బహుమతి దేనికొచ్చిందో ఈ ఇంట్లో ఎవరూ అడగలేదు. డబ్బా బాగుందని మాత్రం అందరూ అన్నారు.

"మధ్యాహ్నం మాత్రలు ఎక్కడ పెట్టావే?" అని అత్తగారు మంచం మీంచి కేకేసింది.

"కిటికీలో అత్తయ్యా. తెల్లది తినకముందు, గులాబీది తిన్నాక. నిన్న రాత్రి పొట్టలో మంటన్నారుగా, మజ్జిగ కూడా పక్కనే పెట్టాను."

స్వర్ణలతకి అన్నీ గుర్తుంటాయి. అత్తగారి మాత్రలు, కూతురు ఝాన్సీకి వేయించిన టీకాల తారీఖులు, ఆడపడుచు పెళ్ళిరోజు, గ్యాస్ బుక్ చేసిన రోజు, శామ్యూల్ రాజ్ గారు కళ్ళజోడు పెట్టి మర్చిపోయిన చోట్లు. ఇంటిల్లిపాదీ మర్చిపోయే హక్కు తమ దగ్గర ఉంచుకుని, గుర్తుపెట్టుకునే పని ఆమెకి అప్పజెప్పారు. మళ్ళీ ఆ గుర్తున్నవన్నీ ఎప్పటికప్పుడు ఒప్పజెప్పాలి కూడా. ఫోనెవరు, ఏమన్నారు, మీ అమ్మ ఎందుకు చేసింది, చర్చిలో పాస్టరమ్మ నీతో అంతసేపు ఏం మాట్లాడింది? అన్నీ అడిగి అడిగి చెప్పించుకుని, తీరా వచ్చినవాళ్ళతో "మా కోడలి నోట్లో నువ్వుగింజ నానదమ్మా" అని అత్తగారు మురిసిపోయేది. స్వర్ణలత కూడా నవ్వేది. నవ్వకపోతే ఎందుకు నవ్వలేదో అదీ చెప్పాలి మరి.

గుడివాడ బస్టాండు వెనక శామ్యూల్ రాజ్ గారికి ఒక కోచింగ్ సెంటర్ ఉంది. లా కాలేజీల ప్రవేశ పరీక్షకి తయారు చేస్తారు. కంప్యూటర్ మీద జరిగే ఆ పరీక్ష మూడు రోజులు విడతలు విడతలుగా ఉంటుంది, మొదటి రోజు వచ్చిన ప్రశ్నలు తర్వాతి విడతల్లో అటూ ఇటూగా మళ్ళీ తగులుతుంటాయి. అందుకని ఏటా మొదటి విడతకి ఎవరో ఒక పాత విద్యార్థిని పంపి, బయటికి రాగానే ప్రశ్నలు చెప్పించుకుని, సాయంత్రానికల్లా తన పిల్లలకి వల్లె వేయించడం ఆయన పద్ధతి. పోయిన ఏడు వెళ్ళినవాడు పందొమ్మిది ప్రశ్నలు చెప్పాడు, అందులో ఎనిమిది వాడి సొంత కవిత్వం. దాంతో మాస్టారి చూపు ఇంట్లోకి మళ్ళింది. "చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికాను చూడు" అని తన తెలివికి తానే మెచ్చుకుని, ఒక తెల్లకాగితం మీద భార్య చేత సంతకం చేయించి, దాని ఫోటో తీసి దరఖాస్తు పంపేశారు. ఆ కాగితం దేనికని ఆమె అడగలేదు. ఇరవై ఏళ్ళలో ఇలాంటి తెల్లకాగితాలు చాలానే అయ్యాయి.

బండి మీద పెడన దాటాక ఆయన వెనక్కి తిరక్కుండానే పాఠం మొదలుపెట్టారు. "ఆన్సర్ల గురించి బుర్ర పాడుచేసుకోకు లతా. ఏదో ఒకటి నొక్కెయ్. ప్రశ్న చూడు, లోపల పెట్టుకో, తర్వాత దానికెళ్ళు. నూట ఇరవైలో నువ్వు వందైనా పట్టుకొస్తావని నా నమ్మకం."

భర్త ఆమె మీద నమ్మకం ఉందనడం అదే మొదటిసారి. ఆ మాటకి కాసేపు సంతోషించి, సంతోషించినందుకు కాస్త సిగ్గుపడి, స్వర్ణలత రోడ్డు పక్క చేలవైపు చూస్తూ కూర్చుంది.

బందరు గాలికి ఉప్పు వాసన తగలగానే ఆమెకి రత్నకుమారి టీచర్ గుర్తొచ్చింది. చిన్నప్పుడు కోడూరు చర్చిలో సండే స్కూలు టీచర్ ఆవిడ. వారానికి రెండేసి కంఠత వాక్యాలు ఇచ్చేది. ఏడాదికొకసారి వేసవి సెలవుల్లో పిల్లలందరినీ ట్రాక్టరు ట్రక్కులో ఎక్కించి పాలకాయతిప్ప తీసుకెళ్ళేది. అక్కడ కృష్ణ సముద్రంలో కలిసే వైపు పిల్లల్ని నీళ్ళ అంచున నిలబెట్టి, తను దూరంగా సరుగుడు చెట్ల దగ్గర నిలబడి, ఏడాదంతా నేర్చిన వాక్యాలు ఒక్కొక్కరి చేత చెప్పించేది. సముద్రం హోరుని దాటి టీచర్ చెవిన పడితేనే లెక్క. మగపిల్లలు గొంతు చించుకుని మూడో వాక్యానికే తడబడేవాళ్ళు. పదేళ్ళ స్వర్ణలత అన్నిటికన్నా పొడవైన కీర్తన ఎక్కడా ఆగకుండా చెప్పింది, కెరటం వచ్చి మోకాళ్ళదాకా తడిపినా ఆగలేదు. స్టీలు డబ్బా ఆ రోజుదే. టీచర్ ఆ పిల్ల తడిసిన గౌను పిండుతూ అన్న మాట ఇప్పటికీ చెవిలో ఉంది. "ఉప్పెనప్పుడు నా పుస్తకాలన్నీ కొట్టుకుపోయినయ్యే అమ్మాయ్. ట్రంకు పెట్టె కూడా దొరకలా. కానీ ఇదిగో, ఈ బుర్రలో ఉన్నయ్యి మాత్రం నీళ్ళకందలా. నీకు కంఠతా వచ్చింది నీ సొంతం. నువ్విస్తేనే ఒకళ్ళది అవుద్ది." అప్పుడు తిరుగు దారిలో ఈతకాయలు తింటూ, ట్రక్కులో ఊగిపోతూ, లోకంలో తనకన్నా ధనవంతురాలు లేదనుకుంది. ఆ పిల్ల ఎటు పోయిందా అనుకుంది స్వర్ణలత.

ఊరి బయట కాలేజీలో పరీక్ష. గేటు మీద పెద్ద బోర్డు పెట్టారు. ఫోను వద్దు, వాచీ వద్దు, కాగితం వద్దు, ఏ లోహమూ వద్దు. తనిఖీ చేసే అమ్మాయి జడలో పిన్నులు తీయించి, చేతివైపు చూసింది.

"ఉంగరం కూడానా?" అన్నారు శామ్యూల్ రాజ్ గారు, తన ఉంగరమే అడిగినట్టు.

"రూలండీ."

పెళ్ళి ఉంగరం సబ్బు రాస్తే తప్ప వచ్చేది కాదు. పక్కనున్న కుళాయి దగ్గర తిప్పి తిప్పి తీసి ఇచ్చింది. ఆయన దాన్ని చిటికెన వేలికి పెట్టుకున్నారు.

లోపల ఇన్విజిలేటర్ తన కూతురు ఝాన్సీ కన్నా నాలుగేళ్ళు పెద్దదేమో, మెడలో కార్డు మీద నీలోఫర్ అని ఉంది. అందరి ముందూ ఒక్కో కాగితం పెట్టింది. అందులో ఉన్న ప్రకటనను కింద గళ్ళలో ఎవరికి వాళ్ళు సొంత దస్తూరీతో తిరిగి రాసి సంతకం చేయాలట. స్వర్ణలత అలవాటు కొద్దీ పెన్ను తీసుకుని నేరుగా సంతకం దగ్గరికి వెళ్ళింది.

"మేడమ్, ముందు చదవండి. చదివి సంతకం పెట్టండి. చదవకుండా పెట్టకండి," అంది నీలోఫర్.

ఆ అమ్మాయి ఉదయం నుంచి వందమందికి అదే మాట చెప్పి ఉంటుంది. స్వర్ణలతకి మాత్రం కళ్ళు చెమర్చాయి. ఆమెతో ఆ మాట అన్న మొదటి మనిషి ఈ పిల్ల. చదివింది. పరీక్షలో చూసిన ఏ ప్రశ్ననూ, ప్రశ్నలో ఏ భాగాన్నీ, నోటితో గానీ రాతతో గానీ ఫోను ద్వారా గానీ, జ్ఞాపకం నుంచి గానీ, కుటుంబ సభ్యులతో సహా ఎవరికీ తెలియజేయనని మాట ఇస్తున్నాను. తప్పితే నా పరీక్ష రద్దవుతుంది. 'కుటుంబ సభ్యులతో సహా' అన్న దగ్గర ఆగి మళ్ళీ చదివింది. ఇంట్లో వాళ్ళకి కూడా చెప్పక్కర్లేనిది లోకంలో ఒకటుందని, అది పైగా ప్రభుత్వం వారి నిబంధన అని, ఎవరైనా చెప్తే ఆమె నమ్మి ఉండేది కాదు. అక్షరం అక్షరం గుండ్రంగా రాసి, కింద సంతకం చేసింది.

అయినా అలవాటు చెడ్డది. పరీక్ష మొదలవగానే మొదటి పది ప్రశ్నలూ ఆయన చెప్పినట్టే చేసింది. చూడటం, లోపల పెట్టుకోవడం, ఏదో ఒకటి నొక్కడం. పదకొండో ప్రశ్న దగ్గర వేలు ఆగిపోయింది. దాని జవాబు ఆమెకి తెలుసు. ఆ ప్రశ్నేమిటో ఇక్కడ చెప్పడానికి లేదు, సంతకం పెట్టింది ఆమే అయినా మనకీ కాస్త మర్యాద ఉండాలి కదా. అది ఇదే బందర్లో బి.ఏ. చదివేటప్పుడు హాస్టలు మేడ మీద, ఆరేసిన చీరల మధ్య తిరుగుతూ చదివింది. లా పరీక్షకి అప్పుడే దరఖాస్తు పెట్టుకుంది. చర్చిలో వరసగా మూడు ఆదివారాలు చదివే పెళ్ళి ప్రకటన మూడోసారి చదివిన మర్నాడు హాల్ టికెట్ వచ్చింది. కాబోయే మొగుడు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇంట్లో ఇద్దరు వాదించేవాళ్ళు ఎందుకు, నేనున్నానుగా" అన్నాడు. పందిట్లో అందరూ నవ్వారు, ఆమె కూడా నవ్వింది. ఆ నవ్వు ఎంత ఖరీదైందో ఇప్పుడు, ఈ చల్లటి గదిలో, తెలిసొచ్చింది.

వెనక్కి, ఒకటో ప్రశ్నకి వెళ్ళింది. ఏదో ఒకటి నొక్కినవన్నీ తీసేసి, ఒక్కో ప్రశ్నా నెమ్మదిగా చదివి, తెలిసినవి రాసింది. తెలియని వాటి దగ్గర కుస్తీ పట్టింది. చివరి ప్రశ్నదాకా ఒక్కటీ వదల్లేదు. చిత్తు కాగితాలు తిరిగి ఇచ్చేసి బయటికి వచ్చింది.

శామ్యూల్ రాజ్ గారు వేపచెట్టు కింద నోట్‌బుక్‌లో ఒకటి నుంచి నూట ఇరవై దాకా అంకెలు వేసుకుని సిద్ధంగా ఉన్నారు. డబ్బా ఖాళీ అయింది. రేపటి విడతకి ఆయన సెంటర్ పిల్లలు పన్నెండు మంది ఉన్నారు.

"రా రా, కూర్చో. మర్చిపోకముందే కానిచ్చేద్దాం. ఒకటో ప్రశ్న?"

నిజానికి ఆమెకి నూట ఇరవై ప్రశ్నలూ వరుసతో సహా గుర్తున్నాయి. వద్దనుకున్నా ఆ బుర్ర ఆగదు. నోట్లో నూట ఇరవై నువ్వుగింజలున్నాయి.

"చెప్పకూడదండీ. సంతకం పెట్టాను."

ఆయన నవ్వారు. "అందరూ పెడతారే పిచ్చిదానా. అదో ఫార్మాలిటీ. ఎవడు చూడొచ్చాడు?"

"నేను చూశాను కదండీ. చదివే పెట్టాను."

"నేను నీ మొగుణ్ణి లతా, పరాయివాణ్ణా?"

"కుటుంబ సభ్యులతో సహా అని రాసుంది."

ఆయన మొహంలో నవ్వు పోయింది. "ఒక్క సంతకానికి ఇంత రాద్ధాంతమా? సంతకందేముంది?"

స్వర్ణలత ఆయన చిటికెన వేలికున్న ఉంగరం వైపు చూసింది. "నేను చదవకుండా పెట్టిన సంతకం ఒకటి చర్చి రిజిస్టర్లో ఉందండీ. దానికి ఇరవై ఏళ్ళు కట్టుబడే ఉన్నాను. ఇది చదివి పెట్టాను."

అంత మాట తన నోటి నుంచే వచ్చిందా అని ఆమెకే ఆశ్చర్యం వేసింది. అయినా వెనక్కి తీసుకోలేదు. అడుగు దూరంలో ఉన్న మనిషికి వినపడటానికి ఇన్నేళ్ళు పట్టింది, సముద్రమే నయం.

శామ్యూల్ రాజ్ గారు నోట్‌బుక్ మూశారు, మళ్ళీ తెరిచారు. రేపు పిల్లలకి ఏం చెప్పాలో, ఇంటికెళ్ళి అమ్మకి ఏం చెప్పాలో ఆయనకి తోచలేదు. చివరికి కోపం తెచ్చుకున్నారు.

"మరి లోపల ఇంతసేపూ ఏం చేశావు?"

"పరీక్ష రాశానండీ," అంది స్వర్ణలత. "సీటొస్తే చేరతాను."