రుమాలు

ముక్కుకు చుట్టుకున్న పైటకొంగును మళ్ళీ బిగించి రాహేలమ్మ జల్లెడ ఊపింది. ఆత్మకూరు బయట ఆ రేకుల షెడ్డులో పదకొండేళ్ళుగా అదే పని. వాగు గట్టున తవ్విన తెల్లమన్ను ట్రాక్టరులో వస్తుంది. మరలో ఆడించి, జల్లించి, అంట్లు తోమే పొడిగా పొట్లాలు కడతారు. ఆమె కనురెప్పలు, గోళ్ళ సందులు ఎప్పుడూ తెల్లగానే ఉంటాయి. ఈ మధ్య దగ్గితే నెత్తురు పడుతోంది.

భర్త పెంచలయ్య ఇక్కడే మర ఆడించాడు. టీబీ అన్నారు. ఏడాది మాత్రలు మింగి, ఎముకల గూడై చనిపోయాడు. ఏటా సమాధుల పండుగకు ఆమె ఈ పొడినే నీళ్ళలో కలిపి ఆయన సమాధికి పూస్తుంది.

ఆవేళ కాలేజీ సారొకాయన మాస్కు పెట్టుకుని వచ్చి, పొడిని సీసాలోకి ఎత్తాడు.

“ఇది మన్ను కాదమ్మా, బూడిద. డెబ్బై నాలుగు వేల ఏళ్ళ కిందట సుమత్రాలో అగ్నిపర్వతం పేలితే సముద్రం దాటొచ్చి ఇక్కడ పడింది. అలాంటిది మళ్ళీ పేలితే ఎండ ఉండదు, పంటలుండవు. కోట్లమంది ఆకలికి పోతారు.”

“పీలిస్తే ఏమయితాది సారూ?”

“సన్నటి గాజుపొడే. ఊపిరితిత్తులు పాడైపోతాయి. షెడ్డు పెట్టిన కొత్తల్లోనే మీ ఓనరుకు చెప్పానే!”

ఓనరు నరసింహ షెడ్డులోకి వచ్చినప్పుడల్లా ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకునేవాడు. తక్కువ కులంవాళ్ళ వాసన పడదు కాబోలనుకుని ఆమె ఇన్నేళ్ళూ తలొంచుకుని పక్కకు జరిగేది. పనికి వచ్చేముందు ఒళ్ళు రెండుసార్లు రుద్దుకునేది. ఇప్పుడా ఒళ్ళు భగ్గున మండింది. వాడు చేసిన పాపానికి సిగ్గుపడింది తనా!

జల్లెడ విసిరేసి నరసింహ గదిలోకి వెళ్ళింది.

“నీకు తెలిసే రుమాలు పెట్టుకున్నావు. మాకెందుకు చెప్పలా?”

“ఏంది, నోరు లేస్తా ఉండాది? ఇష్టం లేకుంటే పో.”

బయట సారు కారెక్కుతున్నాడు. చెప్పాల్సినవాళ్ళకు చెప్పని ఆ చదువు మీదా ఆమెకు ఒళ్ళు మండింది.

“మళ్ళీ పేలితే అంటావేంది సారూ? మా ఇంట్లో ఎప్పుడో పేలింది.”

ఇంటికి పోయి అట్లకాడ తీసుకుని సమాధుల దొడ్డికి నడిచింది. “నిన్ను చంపినదాన్నే నీకు పూసినాను గదయ్యా,” అంటూ పెంచలయ్య సమాధి మీది తెలుపును గీకసాగింది. దగ్గు వచ్చినప్పుడు ఆగి, నెత్తురు ఉమ్మి, మళ్ళీ గీకింది.

పొద్దు వాలేవేళ కూతురు సుకుమారి వెతుక్కుంటూ వచ్చింది. రాహేలమ్మ సమాధికి ఆనుకుని కూర్చుని ఉంది. “ఇంటికి రామ్మా,” అని పిలిస్తే పలకలేదు. భుజం పట్టుకుంటే పక్కకు ఒరిగిపోయింది.

సమాధి తలవైపు నుంచి సగం దాకా నల్లటి సిమెంటు బయటపడింది. మిగిలిన తెలుపు మీద, అంచు అరిగిన అట్లకాడ ఉంది.