మొహమాటం లేని తాళం

తాతయ్య పొద్దున్నే దుకాణానికి బయల్దేరాడంటే ఇల్లంతా టకటకా తెరుచుకునేది. బీరువా, డ్రాయరు, పెరటి గేటు, ఆఖరికి స్నానాల గది గడియ కూడా. తాళాలు చేసే మనిషి కదా, ఆయన్ని చూస్తే బిగుసుక్కూచోవడానికి వాటికి మొహమాటం. "లోపల నేనున్నా" అని కోడలు కేకేస్తే ఆయన కళ్లు మూసుకుని, గోడ పట్టుకుని నడిచేవాడు. అంతకు మించి దాని గురించి ఎవరూ మాట్లాడుకునేవారు కాదు.

విసిగిపోయింది మాత్రం మనవరాలు. కాలేజీలో తర్కం చెబుతుంది గనక ఇంట్లో ఆమె పేరు లాజిక్కు. కుదురుగా చదువుకుందామన్నా, కాసేపు ఏడుద్దామన్నా, అద్దం ముందు పిచ్చి గెంతులు వేద్దామన్నా మూసిన తలుపంటూ ఎరగదు. ఆ ఆదివారం ఉద్యోగినుల హాస్టలుకి పోతానని పెట్టె సర్దేసింది. ఆపుదామని తాతయ్య గుమ్మంలోకొచ్చాడు. పెట్టె తాళం టప్పున ఊడి బట్టలన్నీ నేలపాలయ్యాయి.

"చూశావా?" అంది.

"వెళ్లకే. ఏదో ఒకటి చేస్తాగా."

"ఏం చేస్తావు? నువ్వు తెరవలేని తాళం నువ్వు చేయగలవా? చేయలేకపోతే, చేయడం చేతకాని తాళం ఒకటున్నట్టు. చేస్తే, తెరవడం చేతకానిది ఒకటున్నట్టు. ఎటు తిరిగినా దొరికిపోతావు. అన్నీ చేయగలవాడంటారుగా, ఆ దేవుణ్ణీ మేం క్లాసులో ఇదే అడుగుతాం."

"ఏమన్నాడేమిటి?"

"ఆయనెప్పుడూ క్లాసుకి రాలేదు."

"తెలివైనవాడే," అంటూ తాతయ్య ఆకురాయి అందుకున్నాడు.

సాయంత్రానికి ఇత్తడి తాళం తయారైంది. ఆఖరి మర బిగించేముందు దాన్ని మూతి దగ్గర పెట్టుకుని, "నన్ను చూసి మొహమాటపడకు. మా పిల్ల మాటే విను," అని గొణిగాడు. లాజిక్కు గది తలుపుకి బిగించి, తాళంచెవి ఆమె చేతిలో పెట్టాడు.

ఆమె లోపలికెళ్లి వేసుకుంది. తాతయ్య వరండాలో నడిచొచ్చాడు. బీరువా తెరుచుకుంది, పక్కింటివాళ్ల కారు డిక్కీ కూడా తెరుచుకుంది. ఆ తలుపు మాత్రం కదల్లేదు. నిమిరాడు, బుజ్జగించాడు, భుజంతో నెట్టాడు. ఊహూఁ.

"ఓడిపోయావు తాతయ్యా," లోపల్నించి లాజిక్కు. "ఇక నువ్వు అన్నీ తెరవగలవాడివి కావు."

"కానులే. కానీ కావాలని వదులుకున్నదాన్ని కూడా చేతకాలేదనే అంటారా మీ క్లాసులో?"

 లోపల్నించి బట్టలు ఒక్కొక్కటే అరలోకి వెళుతున్న చప్పుడు.

మర్నాడు పొద్దున తాతయ్య కాఫీ కప్పుతో వచ్చి, జీవితంలో మొదటిసారి ఒక తలుపు తట్టాడు. ఎంత గట్టిగా తట్టాలో తెలీక సగం కాఫీ ఒలకబోసుకున్నాడు.

"ఎవరూ?"

ఆయన్ని ఆ మాట ఎవరూ ఎప్పుడూ అడగలేదు. ముఖం వెలిగిపోయింది.

"నేనేనే, తాతయ్యని. లోపలికి రావచ్చా?"

"ఆలోచించి చెబుతా," అంది లాజిక్కు, తాళంచెవి తిప్పుతూ.