కొస పట్టుకునే మనిషి

"మహేశ్వరీ, కొస పట్టుకుందువు రా!"

పెరట్లోని రేకుల షెడ్డులోంచి నా భర్త నాగేశ్వర ఈ కేక వేసే సమయానికి నా చేతులు ఎప్పుడూ పిండిలోనో సబ్బు నీళ్ళలోనో ఉంటాయి. గబగబా కడుక్కుని, చెంగుకు తుడుచుకుంటూ పోవాలి. ఎనిమిదడుగుల ప్లైవుడ్ షీటును రెండు బల్లల మీద పరిచి అతను ఒక కొస నుంచి మిషన్‌తో కోసుకుంటూ వస్తాడు. తెగిన ముక్క కిందికి జారి విరగకుండా రెండో కొస నేను పట్టుకోవాలి. కోత తిన్నగా రావడానికి షీటు మీద అడ్డంగా పెట్టిన అల్యూమినియం పట్టీని కూడా మోచేత్తో అదిమి ఉంచాలి. పట్టీ ఏమాత్రం కదిలినా కోత వంకరపోతుంది. వంకరపోతే "నీ ధ్యాస యాడుండాది?" అంటాడు. తిన్నగా వస్తే ఏమీ అనడు.

ఉరవకొండ దగ్గర మాకు కొంచెం ఎర్రనేల ఉంది. శెనక్కాయ వేసి వేసి, వానలు మొహం చాటేసి, బోర్లు కూడా ఎండిపోయాక నాగేశ్వర బెంగళూరు వెళ్ళి చెక్కపని నేర్చుకుని వచ్చాడు. కొత్తగా ఇల్లు కట్టుకునేవాళ్ళకు వంటింటి కబోర్డులూ బీరువాలూ చేస్తాడు. చేతిలో పనితనం ఉంది, కాదనను. పని ఇవ్వడానికి వచ్చినవాళ్ళు షెడ్డంతా చూసి "ఎంతమంది చేస్తార్రప్పా?" అని అడుగుతారు. "నేనొక్కణ్ణే అన్నా" అంటాడు. అప్పుడు నేను షీటు రెండో కొస పట్టుకుని అక్కడే నిలబడి ఉంటాను. అది అబద్ధమని అతనికి తోచదు. చాలాకాలం నాకూ తోచలేదు.

పెళ్ళైన కొత్తలో ఫోనులో ఒక వీడియో చూశాను. షీటును నేలమీద మెత్తటి ఫోము పరిచి పడుకోబెట్టారు. దానిమీద గైడ్ రైలు అనే పొడుగాటి అల్యూమినియం పట్టా పెట్టారు. దాని మీద ట్రాక్ సా అనే కోత మిషన్ పట్టాల మీద బండిలాగా తిన్నగా సాగిపోయింది. మోసేవాళ్ళు లేరు, పట్టుకునేవాళ్ళు లేరు, దుమ్ము కూడా గొట్టంలోకి పోతోంది. ఆశగా తీసుకెళ్ళి చూపించాను. "మనకెందుకే అది? నువ్వుండావు కదా" అని నవ్వాడు. పిచ్చిదాన్ని, ఆ మాటకు నేను మురిసిపోయాను. అతని పనిలో నాకింత చోటుందని అనుకున్నాను.

నాలుగేళ్ళ కిందట నేను కడుపుతో ఉన్నాను. ఆరో నెల. ఉగాది పోయిన వారానికి, ఊళ్ళో ఒకరి కొత్తింట్లో పై అంతస్తు పని వచ్చింది. షీట్లు మెట్ల మీదుగా ఎక్కించాలి. ఒక్కో షీటు ముప్పై కిలోలు పైమాటే. అతను పైన, నేను కింద. కింద ఉన్నవాళ్ళ మీదే బరువంతా పడుతుందని మోసినవాళ్ళకు తెలుస్తుంది. ఎక్కించాక కోత మొదలైంది. సగం కోతలో ఉండగా నడుములో ఏదో తెగినట్టు అనిపించింది. వదిలేద్దామనుకున్నాను. వదిలితే షీటు విరుగుతుంది. ఇంటివాళ్ళు పక్కనే నిలబడి చూస్తున్నారు. చివరిదాకా పట్టుకునే ఉన్నాను.

ఆ సాయంత్రానికి చీర తడిసిపోయింది. అనంతపురం ఆసుపత్రికి తీసుకుపోయారు గానీ అప్పటికే అంతా అయిపోయింది. ఆడపిల్ల. గుడ్డలో చుట్టి ఒక్కసారి చూపించారు. పిడికిళ్ళు బిగించి ఉంది.

నాగేశ్వర మంచం పక్కన కూర్చుని వెక్కివెక్కి ఏడ్చాడు. "మనకు రాసిలేదు మహేశ్వరీ" అన్నాడు. అతని తల నిమిరి నేనే ఓదార్చాను. ఇంటికి వచ్చాక మా అత్త లక్ష్మీదేవమ్మ వచ్చినవాళ్ళకల్లా చెప్పింది, నాకు వినపడేలాగే. "కడుపుతో ఉండేది ఒళ్ళు చూసుకోవద్దా? చేతకాదు అని ఒక్క మాట చెప్తే మావోడు వద్దంటాడా?" ఆ మాట నాలో దిగిపోయింది. నిజమే కదా, నేను చెప్పలేదు కదా, అతనికి ఎలా తెలుస్తుంది? బియ్యం ఏరుతున్నా, గిన్నెలు తోముతున్నా అదే మాట. చెప్పి ఉంటే బతికేది. నేనే చంపుకున్నాను. రెండు వారాలకు మళ్ళీ షెడ్డులోంచి కేక వినిపించింది. వెళ్ళి కొస పట్టుకున్నాను.

మొన్న మాఘంలో మా మరిది శ్రీకాంత్ చేస్తున్న ఉద్యోగం మానేసి అన్న దగ్గర పనిలో చేరాడు. నా బదులు అతను కొస పట్టుకోవడం మొదలుపెట్టాడు. వారం తిరక్కముందే నడుం పట్టేసిందని మంచమెక్కాడు. అత్త వేడినీళ్ళ కాపడం పెడుతూ గోల గోల చేసింది. "పిల్లోని నడుం పడిపోయిందిరా! ఒక్కరే కోసుకునే ఆ మిషనేందో తెచ్చుకోరాదా? మనుషులు చేసే పనేనా ఇది?" నాగేశ్వర వెంటనే తలూపాడు. "అవునమ్మా, రేపే పోయి తెస్తా."

నేను చపాతీలు కాలుస్తున్నాను. ఒకటి మాడిపోయింది.

అత్త నావైపు తిరిగింది. "నీకూ మంచిదే. ఇంగ బరువు పనులుండవు. వచ్చే నెల డాక్టరమ్మ కాడికి పోదాం. ఇంట్లో ఒక బిడ్డ తిరగల్ల."

మర్నాడు పొద్దున నాగేశ్వర నన్ను కూడా బయల్దేరమన్నాడు. "ఆ మిషన్ కింద పెట్టే రైళ్ళు పొడుగుంటాయి. బండి మీద వెనకాల కూర్చోని పట్టుకోవల్ల. శ్రీకాంత్‌గాడు కూర్చోలేడు."

అనంతపురంలో నబీ సాబ్ అంగడికి వెళ్ళాం. మిషన్లూ పనిముట్లూ అమ్మే అంగడి. పెద్దాయన, నెరిసిన గడ్డం. కలుపుగోలు మనిషి. నన్ను చూసి స్టూలు వేయించాడు, మంచినీళ్ళు ఇప్పించాడు. నేలమీద ఫోము పరిచి ఒక ప్లైవుడ్ ముక్క పెట్టాడు. రెండు రైళ్ళను కలిపి బిగించి, దానిమీద మిషన్ కూర్చోబెట్టి తోశాడు. వెన్న కోసినట్టు తెగింది. అంచు మీద ఒక్క పెచ్చు లేవలేదు.

"చూస్తివా నాగేశ్వరా? ఒక్క మనిషి చాలు. ఇంకో మనిషి అక్కర్లేదు."

నాగేశ్వర వంగి అంచును వేలితో తడిమి చూస్తున్నాడు. నబీ సాబ్ నావైపు తిరిగి నవ్వాడు.

"నీకు తెల్దేమో గానీమ్మా, మీ ఆయన దీనికోసం ఎప్పుడో వచ్చినాడు. నాలుగేండ్లాయ. ఉగాది ముందర. అప్పుడే కొత్తగా తెప్పించింటి, అందుకే గ్యాపకముండాది. 'మా యామె వట్టి మనిషి కాదన్నా, కొస పట్టుకునేది కష్టమైతాంది, చెప్పలేకుండాది పాపం' అన్యాడు. పెండ్లాం గురించి ఇంత ఆలోచించేటోడు యాడుంటాడు అనుకుంటి. ఆడ్నే కూర్చోని శానాసేపు ఆలోచన చేసినాడు. కడాకు లేసి, 'ఇంగో రెండు నెల్లు పట్టుకుంటాదిలేన్నా, కాన్పయినాక చూస్తాం' అని పాయ." టీ గ్లాసు నా చేతికిచ్చాడు. "ఇంతకీ ఏం బిడ్డమ్మా? బడికి పోతాండాదా?"

నాగేశ్వర వేలు అంచు మీద ఆగిపోయింది. "దీనికి గ్యారంటీ ఎంతుంటాదన్నా?" అన్నాడు, తలెత్తకుండానే.

అతనికి తెలుసు. నేను చెప్పకపోయినా తెలుసు. నా మొహం చూశాడు, నా నడక చూశాడు, బండి వేసుకుని ఇంత దూరం వచ్చాడు, ఈ అంగట్లో కూర్చున్నాడు. మిషన్ వెల ఒకవైపు, నన్ను ఒకవైపు పెట్టుకుని చూశాడు. నేను చవక. ఆ తరువాత ఇంటికి వచ్చి నేను వండింది తిన్నాడు. ఉగాది పచ్చడి నా చేతుల మీదుగానే తాగాడు. నాలుగేళ్ళు నేను నన్ను తిట్టుకుంటుంటే, వాళ్ళమ్మ నన్ను అంటుంటే, పక్కనే కూర్చుని విన్నాడు. ఒక్కసారి కూడా "లేదమ్మా, నాకు తెలుసు" అనలేదు.

"లేదన్నా" అన్నాను నబీ సాబ్‌తో. "రెండు నెల్లు పట్టుకోలేకపోతి. బిడ్డ పోయింది."

"యా అల్లా" అన్నాడాయన. నాగేశ్వర మిషన్ డబ్బా తీసుకుని బయటికి నడిచాడు.

బండి దగ్గర రైళ్ళ కట్ట నాకు అందించబోయాడు. "ఎక్కు, పోదాం. ఎండెక్కుతాంది."

"నేను పట్టుకోను" అన్నాను.

"ఏం మాట్లాడతాండావే రోడ్డు మీద? అప్పట్లో చేతిలో దుడ్లు లేవు. నాకేం తెలుసు అట్లయితాదని?"

"తెలుసుకోవాలనే కదా ఈడికొచ్చింది నువ్వు."

నేను బస్టాండు వైపు నడిచాను. వెనక నుంచి రెండుసార్లు పిలిచాడు. మూడోసారి పిలవలేదు.

కూడేరు దాటాక నాగేశ్వర బండి మా బస్సును దాటుకుంటూ ముందుకు పోయింది. రైళ్ళను బండికి పక్కగా తాడుతో బిగించి కట్టుకున్నాడు. అవి కదలడం లేదు, జారడం లేదు. కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను. రోడ్డుకు రెండు వైపులా పంట లేని చేలు. ఏడుపు వస్తుందేమోనని ఎదురుచూశాను. రాలేదు.

నేను ఇల్లు చేరేసరికి మిషన్ నట్టింట్లో పీట మీద ఉంది. అత్త పసుపూ కుంకుమా పళ్ళెంలో పెట్టుకుని కూర్చుంది. శ్రీకాంత్ పెట్టెలో వచ్చిన కాగితం చదువుతున్నాడు. నాగేశ్వర గోడకు ఆనుకుని నేల చూపులు చూస్తున్నాడు.

"బస్సుకు యాల వస్తివి? మొగుడొక్కణ్ణే పంపిస్తారా ఎవురైనా?" అంది అత్త. "సరేలే, కాళ్ళు కడుక్కోని రా. బొట్టు పెడుదువు."

"నేను పెట్టనత్తా. ఆ పొద్దు నేను ఒళ్ళు చూసుకోక బిడ్డ పోలేదు. నాకు చేతకావడం లేదని నీ కొడుకుకు తెలుసు. తెలిసే మిషన్ కాడిదాకా పోయి, వద్దులే అని వచ్చినాడు. ఉండాడు కదా, అడుగు."

అత్త కొడుకు వైపు చూసింది. అతను తలెత్తలేదు. శ్రీకాంత్ చేతిలో కాగితం మడిచి పెట్టెలో పెట్టేశాడు.

"మొగోళ్ళకు వెయ్యి ఆలోచన్లుంటాయి" అంది అత్త చివరికి. గొంతు తగ్గింది. "అయిపోయినదాన్ని తవ్వుకుంటే ఏమొస్తాది? మళ్ళీ బిడ్డ పుడితే అన్నీ మర్సిపోతావు."

"పుట్టదు. నా కడుపున ఈ ఇంటికి బిడ్డ పుట్టదు. రేపు తాడిపత్రికి, మా నాయన కాడికి పోతాండా. ఆడ ఏదో ఒక పని చేసుకుంటా. నన్ను పిలిచేదానికి ఎవురూ రావద్దు."

నేను వంటింట్లోకి వెళ్ళాను. పొద్దున వండి పెట్టిపోయిన అన్నం, పప్పు అలాగే ఉన్నాయి. నేను వచ్చి వడ్డిస్తానని ముగ్గురూ తినకుండా కూర్చున్నారు. కంచం తీసుకుని నాకు వడ్డించుకున్నాను. వాళ్ళు చూస్తుండగానే గడప పక్కన కూర్చుని, కడుపునిండా తిన్నాను.